22 అంగుళాలా, 24 అంగుళాలా?

పోయిన నెల ఈ శీర్షిక క్రింద రేషను కార్డులో కొత్త కోడలి పేరు చేర్పించడం గూర్చి వ్రాసినాము. ముగ్గురు సోదరులు జాబులు వ్రాసి తమ అనుభవములు కూడ తెలియజేసినారు. వారికి మా వందనములు. ఈ నెల సైకిలు గూర్చి వ్రాయదలచినాము. సైకిలు గూర్చి వ్రాయడానికి ఏమున్నదని చదువరులు నవ్వవచ్చును. ఆరు నెలల క్రిందట అయితే మేమూ నవ్వేవాళ్ళమే. ఇప్పుడు నవ్వు రాదు. ఇందులో మా తప్పు వున్నది. తప్పు వున్నది గనుకనే, ఇతరులకైనా పనికి వస్తుందని వ్రాస్తున్నాము.

మా అక్కయ్య హోసూరులో వుంటుంది. ఆమె కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ మా యింట్లోనే వుంటాడు. వయస్సు 24. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. మా యింట్లో ఇంత పొడుగు మా నాన్నగారి తరువాత వీడికే వచ్చింది. బస్సులో తల వంచుకొని నిలబడతాడు. మేడమెట్ల క్రిందుగా పోతే తల తగిలించుకుంటాడు. పెండ్లిళ్ళలో ఫోటోలు తీసేవాడు వీణ్ణి చూడగానే చేయి ఊపి వెనుక వరుసకు పంపిస్తాడు. చిన్నప్పటి నుంచి పదిమందీ అనగా అనగా, ఎవరూ అనకపోయినా వంగి నడవడం వాడికి అలవాటైపోయింది.

వాడికి కొండ సైకిలు మీద మోజు పుట్టింది. మౌంటెన్ బైకు అంటారు. ఆదివారాలు స్నేహితులతో కనకపుర రోడ్డు దాటి మట్టి దారులలో తిరగాలి, తక్కిన రోజులు అదే సైకిలు మీద ఆఫీసుకు పోవాలి. ఒకే సైకిలు, అన్ని పనులకూ. ఆలోచన మంచిదే. తన జీతంలో కూడబెట్టుకున్న డబ్బు. మమ్మల్ని అడిగింది కేవలం తోడు రమ్మని. బేరం చేయడంలో మాకు కొంత పేరున్నది. అదే కొంప ముంచింది.

షాపులో వాడికి నచ్చిన సైకిలు హార్డ్‌టెయిల్ అనే రకం. అంటే ముందు చక్రం దగ్గర కుదుపు అణచే స్ప్రింగు ఫోర్కు వుంటుంది, వెనుక మాత్రం ఏమీ వుండదు, మామూలు సైకిలు మాదిరే గట్టిగా బిగించి వుంటుంది. వెనుక కూడ స్ప్రింగులున్న సైకిళ్ళు వున్నవి గాని, వాటికి కీళ్ళు, బేరింగులు ఎక్కువ. వానాకాలం బురదలో ఆ కీళ్ళన్నిటినీ చూసుకోవడం మా వంటివారి వల్ల కాదు. వెనుక క్యారియరు బిగించి కూరగాయల సంచి పెట్టుకోవడానికి కూడ హార్డ్‌టెయిలే సుళువు. ఇంతవరకు మావాడి లెక్క సరియైనదే.

అయితే వాడి ఎత్తుకు తగిన పెద్ద సైజు ఆ రోజు షాపులో లేదు. తెప్పించాలంటే ఆరు వారాలు, ధర 40 వేలు. మధ్య సైజు ఒకటి కళ్ళ ఎదుట వున్నది. అది కడపటి బండి గనుక తగ్గించి ఇస్తానన్నాడు. మేము సందేహించినాము. షాపువాడు నవ్వి, "సీట్ ఎత్తిద్రె సాకు సార్" అన్నాడు. సీటు ఎత్తితే సరిపోతుంది అని. ఎత్తి చూపించినాడు కూడ. సీటు క్రింద వుండే పిల్లరు చాలకపోతే దాన్ని తీసి, 40 సెంటీమీటర్ల పొడుగు పిల్లరు ఉచితంగా వేసినాడు. ఉచితం అనే మాట వినగానే గుమాస్తా మనస్సు కరిగిపోతుంది. మావాడు, "మామా, కొంచెం ఇరుకుగా వున్నట్లున్నది" అన్నాడు. "కొత్తలో అట్లాగే వుంటుంది, తొక్కితే అలవాటవుతుంది" అన్నది మేమే. 4 వేలు తగ్గించి 36 వేలకు బండి ఇంటికి తెచ్చినాము. దారి పొడుగునా మా తెలివిని మేమే మెచ్చుకున్నాము.

రెండు నెలలకు వాడికి నడుము నొప్పి మొదలైంది. కూర్చుని పని చేసే ఉద్యోగం గనుక అనుకున్నాము. తరువాత సీటు దగ్గర కిరకిరమని శబ్దం వస్తున్నదన్నాడు. "నూనె వెయ్యరా" అన్నాము. వేసినాడు. నెల తిరగకముందే ఒక ఆదివారం, రాళ్ళున్న దిగుడులో, పిల్లరు దూరే గొట్టం పై భాగాన ఫ్రేము పగిలి సీటు వెనుకకు వాలింది. వాడు ప్రక్కకు పడినాడు. ఎడమ చేతి మణికట్టు ఎముక విరిగింది. తల నిలిచింది, హెల్మెట్టు పుణ్యమా అని.

కట్టు ఆరు వారాలు. ఆరు వారాలు ఆగలేక కొన్న సైకిలు వల్ల ఆరు వారాలు కూర్చున్నాడు. అక్కయ్య హోసూరు నుంచి వచ్చి కొడుకును చూసి, మాతో ఒకటే మాట అన్నది. "ఒరే తమ్ముడూ, వాణ్ణి నీ దగ్గర పెట్టింది ఇందుకేనా?" మేము జవాబు చెప్పలేకపోయినాము. సైకిలు ఇక వద్దని ఆమె శాసించింది. మావాడు కూడ, "నా ఎత్తుకు ఇవేవీ సరిపడవులే మామా" అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం మాకు తిట్టుకన్న ఎక్కువ తగిలింది.

షాపుకు పోయినాము. పిల్లరు మీద ఒక గీత వుంటుందనీ, ఆ గీత ఫ్రేములోపలికి దిగి వుండాలనీ, పైకి కనబడితే కంపెనీ పూచీ వుండదనీ చెప్పినాడు. గీతను మేము మొదటిసారి అప్పుడే చూసినాము. అతనే పెంచి అమ్మినది గదా అంటే, ఎంతవరకు పెంచాలో తరువాత మీరు చూసుకోవాలి అన్నాడు. చీటీ మీద అట్లా ఏమీ వ్రాసి లేదు. వాదించి లాభం లేక తిరిగి వచ్చినాము.

ఆ రాత్రి మాకు నాన్నగారి సైకిలు గుర్తుకు వచ్చింది. నల్లని సైకిలు, 24 అంగుళాల ఫ్రేము. చిన్నప్పుడు సీటు అందక, బారు క్రింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళము. ఆ రోజుల్లో ఏ షాపుకు పోయినా, మనిషిని కింది నుంచి పైదాకా చూసి షాపువాడు అడిగే మొదటి ప్రశ్న, "22 అంగుళాలా, 24 అంగుళాలా?" అని. అది ఫ్రేము కొలత. చక్రాలు రెండింటికీ 28 అంగుళాలవే. పొట్టివాడికి 22, పొడుగువాడికి 24. రంగు గూర్చి ప్రశ్నే లేదు, నలుపే. ఇప్పుడు మావాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, ఏ రంగు కావాలి అని. రెండవది, ఎన్ని గేర్లు కావాలి అని. కొలత ఎవరూ అడగలేదు. నాన్నగారి సైకిలు తొక్కి పెరిగిన మేమైనా అడగలేదు. తెలిసిన సంగతే మరచిపోయినాము.

మరుసటి ఆదివారం టేపు, పెన్సిలు, ఆఫీసు నుంచి తెచ్చుకున్న పాత లెడ్జరు పుస్తకం ముందు పెట్టుకున్నాము. మావాణ్ణి చెప్పులు లేకుండ గోడకు ఆనించి నిలబెట్టి, లెడ్జరును కాళ్ళ మధ్య సీటు మాదిరి పైకి నొక్కి పట్టి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత గీసినాము. నేల నుంచి 92 సెంటీమీటర్లు వచ్చింది. సైకిలు పందెగాళ్ళలో ఒక లెక్క చాలకాలంగా వాడుకలో వున్నది. ఈ కాలి కొలతను 0.883తో గుణిస్తే, పెడల్ యిరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి వుండవలసిన ఎత్తు వస్తుంది. మావాడికి 81 సెంటీమీటర్లు. ఇది అచ్చుగుద్దినట్లు అందరికీ సరిపోదు గాని, మొదట పెట్టుకోవడానికి మంచి అంచనా.

ఇక విరిగిన ఫ్రేము కొలిచినాము. యిరుసు నుంచి సీటు గొట్టం పై అంచుకు 43. సీటు, దాని బిగింపు కలిసి 5. 81లో 48 తీసివేస్తే 33. అంటే 40 సెంటీమీటర్ల పిల్లరులో 33 బయట, 7 లోపల. గీత ప్రకారం లోపల 10 వుండాలి. తీసివేత లెక్క మాత్రమే ఇది. మూడవ తరగతి పిల్లవాడు చేయగలడు. పాతికేళ్ళుగా లెక్కలు వ్రాస్తూ జీతం తీసుకుంటున్న మేము, షాపులో ఈ తీసివేత చేయలేదు. పొడుగాటి పిల్లరు పారకోల వంటిది. మనిషి బరువంతా పైకొసన పడి, క్రింద పట్టు చాలనప్పుడు గొట్టాన్ని పెళ్ళగిస్తుంది. ఆ కిరకిర నూనె కోసం అడిగిన శబ్దం కాదు. అల్యూమినియం ఫ్రేము చీలిక మొదలైతే ఎక్కువ వ్యవధి ఇవ్వదు. చదువరులెవరి సైకిలైనా ఆ చోట కొత్తగా శబ్దం చేస్తే, తొక్కడం ఆపి, పిల్లరు తీసి చూడవలెను.

అక్కయ్యకు ఈ లెక్క వ్రాసి చూపించినాము. ఆమె చాలసేపు చూసి, "అయితే తప్పు సైకిలుది కాదు, కొన్నవాళ్ళది" అన్నది. ఒప్పుకున్నాము. సరియైన కొలతది దొరికితే, అదీ మేము కొలిచిన తరువాతనే, చూద్దామన్నది. అప్పటి నుంచి నెల రోజులు మావాడూ మేమూ రాత్రి భోజనాలయ్యాక ఇదే చదువు.

ఈ కొండ సైకిళ్ళు పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ జిల్లాలో. 1970 తరువాత అక్కడి కుర్రవాళ్ళు కొందరు, లావు టైర్లున్న పాతకాలపు బరువు సైకిళ్ళను అక్కడి కొండల మీదికి చేర్చి, మట్టి దారిలో దిగుతూ పందెం వేసుకునేవారు. 1976 అక్టోబరు 21న మొదలైన ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. దిగేసరికి వెనుక చక్రపు బ్రేకులోని గ్రీజు కాలి పోయి మళ్ళీ నింపవలసి వచ్చేది. అందుకని ఆ పేరు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఆ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టినాడు. ముందు స్ప్రింగు ఫోర్కు 1989లో రాక్‌షాక్స్ వారు తెచ్చినారు. 1996 నుంచి ఒలింపిక్సులో కూడ ఈ పందెం వున్నది. ఆ పాత బరువు సైకిళ్ళకు 26 అంగుళాల చక్రాలుండేవి గనుక, తరువాత వచ్చినవాటికి కూడ చాలకాలం అవే చక్రాలు. పొడుగువాళ్ళు పిల్లల సైకిలు మీద ఎక్కినట్లు కనబడేవారు. 2000 తరువాత గ్యారీ ఫిషర్ వంటివారు పట్టుబట్టి 29 అంగుళాల చక్రాన్ని ప్రచారంలోకి తెచ్చినారు. పెద్ద చక్రం రాళ్ళమీద సుళువుగా దొర్లుతుంది. పొడుగువాడి ఫ్రేముకు అది సహజంగా అమరుతుంది. మావాడికి 29 అంగుళాలదే అని ముందుగా నిశ్చయించినాము.

తరువాత ఫ్రేము. ఇక్కడ ఒక చిక్కు వున్నది. నాన్నగారి 22, 24 లెక్క ఇప్పుడు పనికిరాదు. అది సీటు గొట్టం పొడుగును బట్టి చెప్పిన లెక్క. అప్పటి బారు నేలకు సమంగా వుండేది గనుక ఆ ఒక్క కొలతతో మనిషి తేలేవాడు. ఇప్పటి ఫ్రేముల బారు ముందు నుంచి వెనుకకు వాలి వుంటుంది. దిగుడులో సీటు కిందికి దించుకోవాలని సీటు గొట్టం కావాలనే కురచ చేస్తారు. కనుక ఆ గొట్టం చూసి సైజు తేల్చలేము. పోనీ ఎస్, ఎమ్, ఎల్, ఎక్స్‌ఎల్ అని అక్షరాలున్నవి గదా అంటే, చొక్కాల సంగతే ఇక్కడనూ. ఒకరి ఎల్ మరొకరి ఎక్స్‌ఎల్‌తో సమానం.

నమ్మదగినవి రెండు కొలతలు: రీచ్, స్టాక్. తాపీమేస్త్రీ తూకం గుండు వ్రేలాడదీసినట్లు, పెడల్ యిరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా ఒక దారం ఊహించుకోవలెను. హ్యాండిలు నిలిచే ముందు గొట్టం పై అంచు ఆ దారానికి ఎంత ముందున్నదో అది రీచ్. అదే అంచు యిరుసుకన్న ఎంత ఎత్తున వున్నదో అది స్టాక్. రాళ్ళ దారిలో మనిషి సీటు మీద కూర్చోడు, పెడళ్ళ మీద నిలబడతాడు. నిలబడినప్పుడు కాళ్ళకూ చేతులకూ మధ్య ఎంత చోటున్నదో చెప్పేవి ఈ రెండే. సీటు ఎంత ఎత్తినా ఈ రెండూ మారవు! షాపువాడి మాటలోని లోపం మాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. సీటు ఎత్తితే కాళ్ళకు చోటు వస్తుంది. నడుముకు, చేతులకు రాదు.

ప్రతి కంపెనీ వారు ఈ కొలతలు మిల్లీమీటర్లలో పట్టికగా అచ్చు వేస్తారు. విరిగిన ఫ్రేము రీచ్ 425, స్టాక్ 605. మావాడి ఎత్తువాళ్ళకు ఈనాటి హార్డ్‌టెయిళ్ళలో రీచ్ సుమారు 470 నుంచి 500, స్టాక్ సుమారు 640 నుంచి 670 వుంటున్నది. చేతులు పొడుగైనవాడికి కొంచెం ఎక్కువ, కాళ్ళే పొడుగైనవాడికి రీచ్ కొంచెం తక్కువై స్టాక్ ఎక్కువ వుండేది మేలు. మావాడు రెండవ రకం. రీచ్ చాలని ఫ్రేముకు హ్యాండిలు పట్టుకొనే స్టెమ్ పొడుగుది వేసి సరిపెట్టవచ్చునని కొందరు సలహా ఇస్తారు. రోడ్డు మీద కొంత నడుస్తుంది గాని, దిగుడులో బరువంతా ముందు చక్రం మీద పడుతుంది. పొట్టి చొక్కాకు చేతులు అతికించినట్లే అది.

మరొక కొలత సీటు గొట్టం వాలు. గొట్టం వెనుకకు వాలి వుంటుంది గనుక, సీటు పైకి పోయేకొద్దీ వెనుకకు కూడ పోతుంది. మావాడి సీటు ఎత్తున, ఒక్క డిగ్రీ తేడాకు సుమారు 1.4 సెంటీమీటర్లు వెనుకకు జరుగుతాడు. వాలు మరీ ఎక్కువైతే ఎగుడు ఎక్కేటప్పుడు మనిషి వెనుక చక్రం మీదికి పోయి, ముందు చక్రం నేల విడుస్తుంది. కనుక పొడుగువాడు ఈ కోణం 74 నుంచి 76 డిగ్రీలున్న ఫ్రేము చూసుకోవడం మంచిది. పట్టికలో వ్రాసే కోణం ఒక నిర్ణీత ఎత్తున లెక్కకట్టినది. మన సీటు అంతకన్న పైన వుంటే నిజమైన వాలు ఇంకా ఎక్కువ వుండవచ్చు. పొడుగువాళ్ళకు ఈ దెబ్బ తెలియకుండా తగులుతుంది.

అన్ని పనులకూ పనికిరావాలంటే మరికొన్ని చూడవలెను. క్యారియరుకు, మడ్‌గార్డులకు మరలున్న రంధ్రాలు ఉన్నవా? నీళ్ళ సీసాలు రెండు పడతాయా? లావు టైరు వేస్తే ప్రక్కల చోటు మిగులుతుందా? పెడల్ యిరుసు కప్పులు మరలతో బిగించేవా, నొక్కి ఎక్కించేవా? మరలవైతే మన వీధి మెకానిక్కు కూడ విప్పగలడు. వెనుక గేరు తగిలించే కొక్కెం విడిగా మార్చుకొనేదేనా? పడినప్పుడు వంగేది అదే గనుక ఇది ముఖ్యం. ముందు ఫోర్కు ఎంత పొడుగుదాకా వేయవచ్చునో తయారుచేసినవారు చెబుతారు, దాన్ని మీరకూడదు. ఫోర్కు ప్రయాణం 20 మిల్లీమీటర్లు పెంచితే ముందు గొట్టం సుమారు ఒక డిగ్రీ వాలిపోతుంది, బండి నడక మారుతుంది. అమెరికాలో సర్లీ అనే కంపెనీ వారి ఉక్కు ఫ్రేము ఒకటి ఈ బహుముఖ ప్రజ్ఞకు పేరుపొందింది. గేర్లతోనూ గేర్లు లేకుండానూ, స్ప్రింగు ఫోర్కుతోనూ గట్టి ఫోర్కుతోనూ దాన్ని నడపవచ్చు. దాని పేరు 'కరాటే మంకీ'! ఆ పేరు వినగానే మా ఆవిడ, "ఇంట్లో ఒకటి వున్నది చాలదా?" అని మావాడి వైపు చూసింది. కట్టు కట్టిన తరువాత వాడు నవ్వడం అదే మొదలు.

ఉక్కా, అల్యూమినియమా అన్నది చాలరోజులు తేలలేదు. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, ధర తక్కువ. క్రోమోలీ ఉక్కు అర కిలో, ముప్పాతిక కిలో బరువు ఎక్కువ. గొట్టం లోపల తుప్పు రాకుండ చూసుకోవాలి. కాని తరచుగా కొంత ముందుగా చీలిక చూపించి హెచ్చరిస్తుంది, పని తెలిసినవాడు దొరికితే అతికించవచ్చు. రెండింటిలోనూ మంచివీ చెడ్డవీ వున్నవి. కొలత సరిపడని ఉక్కుకన్న కొలత సరిపడిన అల్యూమినియమే మేలు అని మా అభిప్రాయం. మావాడు ఉక్కు వైపే మొగ్గినాడు. ఒకసారి విరగడం చూసినవాడి మనస్సు అది; మేము కాదనలేదు.

కడకు ఉక్కు ఫ్రేము ఒక్కటే తెప్పించి, పాత సామాను అందులోకి మార్చాలని నిశ్చయించినాము. ఈసారి రీచ్ 480, స్టాక్ 655, సీటు గొట్టం 50 సెంటీమీటర్లు. తీసివేత ముందే చేసినాము. 81లో 55 పోగా 26 బయట. పాత 40 సెంటీమీటర్ల పిల్లరు వంగలేదు గాని, దాన్ని నమ్మక కొత్తది అదే పొడుగుది తీసుకున్నాము. లోపల 14 దిగింది. బారు అతుకుకన్న కిందికి దిగిందని టార్చి వేసి చూసినాము. గీత కనబడటం లేదు. కనబడకపోవడమే కావలసినది.

ఇందులో కూడ ఒక దెబ్బ తిన్నాము, చదువరులకు చెప్పవలెను. వెనుక యిరుసు వెడల్పులు పలురకాలు: 135, 142, 148 మిల్లీమీటర్లు. మా పాత చక్రం 135, కొత్త ఫ్రేము 148. పాత చక్రం అందులో నిలవదు. వెనుక చక్రం కొత్తది కొనవలసి వచ్చింది. ముందు గొట్టం కొత్తదానికి అడుగున వెడల్పు. పాత ఫోర్కు కాడ సన్నం. దీనికి మాత్రం సరిపోయే కప్పు దొరికింది. ఫ్రేము ఒక్కటే కొనాలనుకొనేవారు పాత సామాను కొలతలన్నీ ముందుగా కాగితం మీద వ్రాసుకోవలెను. ఫ్రేము 41 వేలు, చక్రం 9 వేలు, పిల్లరు, కప్పు, కూలి కలిపి 4 వేలు. వెరసి 54 వేలు. మొదటి 36 వేలలో పనికివచ్చినది పోగా తక్కినది గంగపాలు. ఆరు వారాలు ఆగి 40 వేలు ఇచ్చివుంటే, ఈ లెక్క వ్రాసే పని, ఆసుపత్రి చీటీలు దాచే పని వుండేవి కావు. 54 వేలలో సగం మా చీటీ డబ్బు నుంచి ఇచ్చినాము. మావాడు వద్దన్నాడు. "నాలుగు వేలు మిగిల్చినవాణ్ణి నేనే గదరా" అన్నాము. తరువాత మారు మాట్లాడలేదు.

బండి సిద్ధమైన రోజు అక్కయ్యను పిలిపించినాము. వీధిలో వాడు ఎక్కి రెండు చుట్లు తిరిగినాడు. అక్కయ్య గడప దగ్గర నిలబడి సైకిలును చూడలేదు, కొడుకు వీపును చూసింది. "వీడు నిటారుగా కూర్చున్నాడే!" అన్నది. ఇదివరకటి సైకిలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్లు ముడుచుకొని పోయేవాడు. అదే వాడి తీరు అనుకున్నాము. తీరు కాదు, ఇరుకు. మెల్లగా, "మీ నాన్న సైకిలు ఎక్కినట్లున్నదిరా" అని మాతో అన్నది. అంతే. ఇక వద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆదివారాలు మాత్రం వాడు ఇంటికి చేరినట్లు కబురు అందేవరకు హోసూరులో ఆమె భోజనానికి లేవదు.

ఇదంతా విన్న మా ఆవిడ, "వంటగట్టు నాకు ఎత్తు ఎక్కువ, భుజాలు లాగుతున్నవి అని పదేళ్ళుగా చెబుతున్నాను. దాన్ని మాత్రం ఎవరూ టేపు పెట్టి కొలవలేదు" అన్నది. ఆ మాట నిజం. సైకిలు గాని, గట్టు గాని, బడిలో పిల్లల బల్ల గాని, వస్తువు సరిపడకపోతే మనిషినే వంగమంటున్నాము. వంగినవాడికి నొప్పి వస్తే వాడి వయస్సునో, ఎత్తునో, అలవాటునో అంటున్నాము. గట్టు కొలత గూర్చి వచ్చే నెల వ్రాస్తాము. వ్రాయకపోతే ఇంట్లో ఊరుకోరు.

మన సంఘంలో పొడుగు బిడ్డలున్న తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. ముందు కొలత, తరువాత రంగు, చివరకు బేరం. ఈ వరుస మేము తలక్రిందులు చేసినాము. టేపు, పెన్సిలు, కాళ్ళ మధ్య పెట్టుకొనే పుస్తకం ఎవరికైనా కావాలంటే ఆదివారం ఉదయం మా యింటికి రావచ్చును. లెడ్జరు ఇంకా గోడ దగ్గరే వున్నది.